అడాప్టర్ల కాంపౌండర్

ఫకీర్ మియా ఎవరింటికి వెళ్లినా ముందు మనుషుల్ని పలకరించడు. గోడకు ఏ అడాప్టర్ గుచ్చి ఉందో చూసుకుని తిన్నగా దాని దగ్గరికి వెళ్తాడు. కుడిచేతిని తిరగేసి, వేళ్ల వెనక భాగం దాని మీద ఆనించి, కళ్లు మూసుకుని జ్వరం చూస్తాడు. "ఠీక్ ఉన్నది" అన్నాడంటే వెనక్కి తిరిగి ఇంటివాళ్ల బాగోగులు అడుగుతాడు. "బుఖారున్నది" అన్నాడంటే ఇక ఆ పూట ఆ ఇంట్లో మనుషులున్నారో లేదో కూడా ఆయనకు పట్టదు.

మా నారాయణఖేడ్‌లో దీన్ని ఎవరూ వింతగా చూడరు. బదిలీ మీద కొత్తగా వచ్చిన ఉద్యోగస్తులు మాత్రం మొదట్లో బెదిరిపోతారు. తలుపు తీయగానే తెల్లగడ్డం పెద్దమనిషి సలాం కూడా చెప్పకుండా లోపలికి నడిచి టీవీ వెనక చెయ్యి పెడితే ఎవరైనా బెదరరా మరి!

ఆ చెయ్యికి ఒక చరిత్ర ఉంది. బస్టాండు వెనక ఒక డాక్టరు దగ్గర మియా చాలా ఏళ్లు కాంపౌండరుగా చేశాడు. రోగి గడప దాటగానే నుదురు తాకి "నూట రెండు" అనేవాడట. డాక్టరు థర్మామీటరు పెట్టి చూస్తే సరిగ్గా నూట రెండే ఉండేదట. ఇది మియా చెప్పే కథ. ఆయన భార్య రహమత్‌బీ కథ వేరు. "వంద ఉన్నా నూట రెండే అంటుండె, నూట నాలుగున్నా నూట రెండే అంటుండె. ఎప్పుడో ఒక్కసారి కలిసింది, గంతే" అంటుంది.

డాక్టరు ముసలివాడై దవాఖాన మూసేశాక మియా చెయ్యి ఖాళీ అయిపోయింది. అదే సమయంలో ఆయన కొడుకు ఆసిఫ్ బజార్లో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. తండ్రి ఇంట్లో ఒక్కడే కూర్చుని ఏం చేస్తాడని దుకాణంలో కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. పక్కనే చార్జర్లు వరుసగా వేలాడుతున్నాయి. మియా ఊరికే ఒకదాన్ని తాకాడు. అంతే, ఆ రోజు నుంచి ఊళ్లో ఉన్న ప్రతి ప్లగ్గూ ఆయన పేషెంటే.

మాణిక్యప్ప కొడుకు పెళ్లిలో జరిగింది చెప్తాను. స్టేజీ మీద పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చున్నారు. మియా మెట్లెక్కి పైకి వెళ్లాడు. పెద్దాయన దీవిస్తాడని పెళ్లికొడుకు తల వంచాడు. మియా ఆ తలను దాటుకుని కుర్చీ వెనక రంగు లైట్ల అడాప్టర్ మీద చెయ్యి పెట్టి, గట్టిగా, "అరె, మస్తు బుఖారున్నదిరా దీనికి!" అన్నాడు. పెళ్లికూతురు వైపువాళ్లకు ఈయన మాజీ కాంపౌండరని మాత్రమే తెలుసు. పిల్లవాడికి జ్వరమున్నా దాచిపెట్టి పెళ్లి చేస్తున్నారని గొడవకు లేచారు. పెళ్లికొడుకు నోట్లో థర్మామీటరు పెట్టి చూపించాక గానీ అక్షింతలు పడలేదు.

ఇంట్లో పరిస్థితి కూడా ఇదే. "నాకు మొన్న చలిజరమొచ్చి వణుకుతుంటె మంచం దాక వచ్చిండు" అని రహమత్‌బీ మాతో మొర పెట్టుకుంది. "నా నుదురు ముడతడనుకున్న. మంచం పక్కకున్న దోమల మిషన్ ముట్టి, ‘ఠీక్ ఉన్నది, నువ్వు బేఫికర్‌గ పండుకో’ అని పోయిండు!"

ఒకసారి మా ఇంటికొచ్చి, టవల్ కింద ఏదో ప్లగ్గు వైరు కనబడితే ఆత్రంగా చెయ్యి పెట్టాడు. అది ఇస్త్రీపెట్టె. తర్వాత వారం రోజులు ఎడమచేత్తో జ్వరాలు చూశాడు గానీ మానలేదు.

ఇలాంటి మనిషి దుకాణంలో కూర్చుంటే బేరం ఎలా సాగుతుందో మీరే ఊహించుకోండి. సిర్గాపూర్ నుంచి బీరప్ప అనే ఆయన ఇంటర్నెట్ డబ్బాకు అడాప్టర్ కోసం వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను.

"ఎన్ని గంటలు నడుస్తది నీ డబ్బా?" అడిగాడు మియా.

"పొద్దంత, రాత్రంత. బందే చెయ్యం."

"అయితే లేదు పో."

"గట్లంటవేంది మియా? గోడ నిండ అవే ఉన్నయి గద!"

"అవి ఫోన్లవి. ఫోన్ చార్జర్ కూలికి పోయే మనిషి లెక్క. కొంచెంసేపు కష్టపడతది, ఫోన్ నిండినంక ఆరాం తీసుకుంటది. నీ డబ్బాకు కాపలా మనిషి గావాలె. కూసోవద్దు, కునుకు తీయొద్దు. రేపు రా, చూసి పెడుత."

"అబ్బా!" అని ఆసిఫ్ తల పట్టుకున్నాడు. బీరప్ప రేపు వస్తాడా? రాడు. ఇంకో దుకాణానికి పోతాడు.

ఇక నా సంగతి. నా పేరు స్వరూపరాణి. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు, లంగాలు కుడతాను. నాకు ఓపిక తక్కువ, నోరు ఎక్కువ అని వాడకట్టంతా అంటుంది. నిజమే, నేనేమీ కాదనను. మియాతో నాకు పడ్డ గొడవ అడాప్టర్ దగ్గరే. 2013 ఎండాకాలంలో, లక్ష్మవ్వ గుడ్ల కోసం పడింది.

లక్ష్మవ్వ మా గల్లీ చివర ఉంటుంది. ఒంటరిది. గుంట భూమి లేదు, ఆమెకు కోళ్లే పొలం, కోళ్లే పంట. నల్లటి నాటుకోళ్లు, వాళ్ల అత్త కాలం నుంచి వస్తున్న సంతానం. ఒకనాడు తెల్లవారి లేచి చూస్తే గూట్లో జంగపిల్లి చొరబడి ఒక్కదాన్నీ మిగల్చలేదు. జొన్నల గంపలో దాచిన గుడ్లు మాత్రం మిగిలాయి. ఆ గంప చంకన పెట్టుకుని నా గుమ్మంలోకి వచ్చి కూలబడింది.

"రాణీ, నా ఇల్లంత ఖాళీ అయింది. గీ గుడ్లన్న పిల్లలైతె మళ్ల లేస్త. వాడకట్టంత తిరిగిన, పొదుగు మీదున్న కోడి ఒక్కటి దొరకలె" అని ఏడ్చింది.

మా చెల్లెలి కొడుకు ఆకాష్ అప్పుడు సెలవులకు వచ్చి ఉన్నాడు. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. కాలేజీలో చూపించడానికి గుడ్లు పొదిగే డబ్బా ఒకటి చేశాడు. థర్మాకోల్ పెట్టె, లోపల బల్బు, చిన్న ఫ్యాను, పక్కన అరచేతంత కంప్యూటర్. వేడి తగ్గితే అదే బల్బు వేస్తుంది, ఎక్కువైతే అదే ఆర్పేస్తుంది. లక్ష్మవ్వ ఏడుపు చూసి, "అవ్వా, నేను పొదిగిస్త" అన్నాడు. "కానీ పెద్దమ్మా, మూడు వారాలు గీ కంప్యూటర్ ఒక్క క్షణం పండుకోవద్దు. పండుకుంటె గుడ్లు పాడైతయి."

గుడ్లకు బదులు నీళ్ల సీసాలు పెట్టి చూశాం. కరెంటు పోయి, నా కుట్టుమిషన్ కోసం పెట్టుకున్న ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులో కంప్యూటర్ ఆరిపోయి మళ్లీ లేచింది. ఇంకోసారి లేవకుండా బిగుసుకుపోయింది, బల్బు వెలుగుతూనే ఉండిపోయింది. సీసాల్లో నీళ్లు చాయ్ పెట్టుకునేంత కాగాయి. లక్ష్మవ్వ ఆ సీసా ముట్టుకుని నోరు నొక్కుకుంది.

"తప్పు డబ్బాది కాదు, నా అడాప్టర్ది" అన్నాడు ఆకాష్. "మీద రెండు ఆంపియర్లని రాసి ఉన్నది గాని, బరువు మీద పడంగనె మోకాళ్ల మీద కూలబడుతుంది. నేను రేపు పోవాలె, పరీక్షలున్నయి. నువ్వు ఫకీర్ మియాను అడుగు పెద్దమ్మా. ఆయనంత ఓపికగ ఎవ్వరు చూడరు."

ఓపిక! ఆ మాటకు అర్థం నాకు మర్నాటి నుంచి తెలిసింది.

లక్ష్మవ్వనూ, ఆ చిట్టి కంప్యూటర్‌నూ వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్లాను. సంగతి వినగానే మియా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మూడు వారాలు! ఆగకుండ! జీవం మీద డ్యూటీ!" అని, ఉన్న అడాప్టర్లన్నీ బల్ల మీద పరిపించాడు. ఒకదాన్ని అరచేతిలో ఎగరేసి, "గిది ప్యాలాల లెక్క తేలికున్నది, లోపల సామానే లేదు" అని పక్కన పడేశాడు. ఇంకోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "సన్నగ ఏడుస్తుంది, విను" అన్నాడు. నాకేమీ వినబడలేదు. మూడోదాని వైరు గీకి చూసి, "గింత సన్న తీగ! డబ్బా దాక పోయేసరికి బలమంత దారిలనే పోతది" అన్నాడు. చివరికి నాలుగైదు మిగిలాయి. బరువు పడితే ఎంత కాగుతాయో చూడటానికి వాటికి బండి బల్బులు తగిలించి, టవల్ కప్పి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"రేపు రా బిడ్డా."

రేపు వెళ్తే, "ఎండల పెట్టి చూడాలె" అన్నాడు. ఆ మర్నాడు వెళ్తే, "కరెంటు పోయినప్పుడు ఎట్లుంటదో చూడాలె" అన్నాడు. నారాయణఖేడ్‌లో కరెంటు పోవడానికి ఎదురుచూడాల్సిన పనేముంది, మధ్యాహ్నానికల్లా పోతుందనుకున్నాం. ఏమాయో తెలియదు, ఆ రోజు పోలేదు. మరునాడూ పోలేదు. బజారంతా ఫ్యాన్ల కింద హాయిగా కూర్చుంటే మియా ఒక్కడే పైన తిరిగే రెక్కల వైపు చూస్తూ, "పో, జల్దీ పో!" అని బతిమాలుతున్నాడు. "ఇంత మంచి కరెంటు ఎన్నడు చూడలె. ఏం ఖర్మరా ఇది!"

నాకు ఒళ్లు మండింది. గంపలో గుడ్లు రోజు రోజుకూ పాతబడుతున్నాయి. ఇంకా ఆలస్యమైతే పొదిగినా పిల్ల కాదు.

"నీ పరీక్షలు నువ్వే రాసుకో మియా! ఏది ముట్టినా బుఖారే అంటవు. కొడుకు దుకాణం నడవాలని గీ ఎత్తులన్ని" అనేశాను. మియా ఒళ్లోని టవల్ సర్దుకున్నాడు.

హైదరాబాద్ బస్సులో కండక్టరు సంగమేశ్వర్‌కు చెప్పి మంచి అడాప్టర్ తెప్పించాను. తెల్లగా, నున్నగా, ముందు నీలం లైటుతో, చూస్తే పూజగదిలో పెట్టుకోవాలనిపించేలా ఉంది. గుడ్లు పెట్టాం. లక్ష్మవ్వ బోరంచ వైపు తిరిగి నల్లపోచమ్మకు మొక్కుకుని, డబ్బా పక్కనే చాప వేసుకుంది.

మర్నాడే మియా వచ్చాడు. గుమ్మంలోనే ఆపాను. "చూస్తె చూడు. ముట్టినవంటె మంచిగుండదు."

పాపం, ఆ మనిషి పడ్డ యాతన చూడాలి! కుడిచేతిని ఎడమచేత్తో వెనకకు పట్టుకుని, పెరుగు కుండ ముందు పిల్లిలా నిలబడేవాడు. వేళ్లు వాటంతటవే అడాప్టర్ వైపు లాగేవి. రోజూ వచ్చేవాడు, రోజూ చేతులు కట్టుకుని నిలబడి పోయేవాడు. రెండో వారంలో ఆకాష్ ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, డబ్బా నిన్న మధ్యాహ్నం ఒకసారి పండుకుని లేచింది. దాంట్ల పెట్టిన సిమ్ నుంచి నా ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఆ అడాప్టర్ మీద నాకు నమ్మకం లేదు."

"లేచింది గద, ఇగ ఊకో" అన్నాను. అన్నాను గానీ లోపల గుబులే.

ఆ రోజు మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతోంది. లక్ష్మవ్వ నీళ్లకు పోయింది. మియా వచ్చి మామూలుగా నిలబడ్డాడు. నేను లోపలికి వెళ్లి చాయ్ గిన్నె దించుకుని వచ్చేసరికి డబ్బాలో బల్బు ఆరిపోయి ఉంది. కంప్యూటర్ ఆరిపోయి ఉంది. మియా గోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, నా తెల్ల అడాప్టర్ చేతిలో పట్టుకుని ఉన్నాడు.

నేను పెట్టిన కేకకు లక్ష్మవ్వ బిందె పారేసి పరుగెత్తుకొచ్చింది. "నా గుడ్లు! అయ్యో నా గుడ్లు!" అని డబ్బా మీద పడింది. నేను మియా జుబ్బా జేబు పట్టుకుని గుంజాను. జేబు పర్రున చిరిగింది. అందులోంచి అడాప్టర్లు జలజలా రాలాయి, నల్లవి, తెల్లవి, మాసినవి, అంచులు మాడినవి. వాటితో పాటు ఎర్రటి గోళ్లరంగు సీసా ఒకటి దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర ఆగింది.

తెల్లగడ్డం మనిషి జేబులో గోళ్లరంగు! నేను తిట్టబోయే తిట్టు కూడా మరిచిపోయాను.

"అరె, నన్నెందుకు చూస్తున్నవు, అటు చూడు! అది లేస్తుంది" అన్నాడు మియా. చూస్తే గోడకు ఒక లావుపాటి నల్ల అడాప్టర్ గుచ్చి ఉంది. కంప్యూటర్ మీద చుక్కలైటు మిణుకుమంది. కాసేపటికి బల్బు వెలిగింది. లక్ష్మవ్వ ఊపిరి పీల్చుకుంది. అప్పుడు మియా నా తెల్ల అడాప్టర్‌ను నా చేతిలో పెట్టాడు. చురుక్కుమని కాలి కింద పడేశాను. నీలం లైటు వెనక భాగమంతా గోధుమరంగుకు తిరిగి మెత్తబడిపోయింది.

"ఇంకో పూట అయితె మంట అంటుకుంటుండె" అన్నాడు మెల్లగా.

కింద రాలినవాటిలో ఒకదాని మీద ఎర్ర చుక్క ఉంది. గుర్తుపట్టాను. పక్కింటి పుష్పమ్మది. తన చార్జర్ ఎవరూ మార్చకుండా గోళ్లరంగు చుక్క పెట్టుకుంది. పుష్పమ్మ చార్జర్ ఈయన జేబులో ఉంటే, ఆమె గోడకు చుక్కతో సహా ఉన్నది ఎవరిది?

"మియా, నిజం చెప్పు. ఏందిది?"

మియా దొరికిపోయిన పిల్లవాడిలా గడ్డం గోక్కున్నాడు. "బుఖారున్నదాన్ని తీసి, మంచిది పెడుత. పుష్పమ్మది మంచం పక్కకే ఉండె, మనుమరాలు అక్కడే పండుకుంటది. చుక్క లేకపోతె గుర్తుపడతదని నేను గూడ చుక్క పెట్టిన."

"చెప్పి మార్చొచ్చు గద!"

"మొదట్ల చెప్పిన బిడ్డా. కొడుకు దుకాణం నడవాలని చెప్తుండు అన్నరు. నువ్వు గూడ అన్నవు గద." కోపంగా అనలేదు, నవ్వుతూ అన్నాడు. "దవాఖానల కరెంటుకు కాలిన చేతులకు మందు పూసిన. చిన్న చిన్న చేతులు. మళ్ల పూయబుద్ధి కాదు."

"మరి ఆసిఫ్ ఊకుంటడా?"

"ఊకుంటడా! రోజు తిడుతడు. పొద్దున జేబుల మంచివి నింపేది గూడ వాడే."

"మరి దీనికి పరీక్ష అయిందా?" అని లక్ష్మవ్వ గోడనున్న నల్ల అడాప్టర్‌ను చూపించింది.

మియా మొహం వెలిగిపోయింది. "ఇయ్యాల పొద్దున్నుంచి కరెంటు మూడు మార్లు పోయింది అవ్వా! అల్లా దయ!"

నేను ఆయన్ని జుబ్బా విప్పమని, మిషన్ ముందు కూర్చున్నాను. ఆ జేబును రెండు పొరల బట్టతో, ఇదివరకటికన్నా లోతుగా కుట్టాను. కుడుతుంటే కళ్లలో నీళ్లు తిరిగి కుట్టు వంకర పోయింది. నా ఇల్లు, లక్ష్మవ్వ గుడ్లు, పుష్పమ్మ మనుమరాలు, అందరినీ ఈ మనిషి వేళ్ల వెనక భాగంతో కాచుకుంటూ తిరుగుతున్నాడు. ఆయనకు ఎన్ని కృతజ్ఞతలు చెప్పుకున్నా తక్కువే. చెప్పాను కూడా. "మియా, నీ రుణం తీర్చుకోలేను" అంటే, "జేబు మంచిగ కుట్టినవు, గోళ్లరంగుకు వేరే చిన్న పాకిటి పెట్టకపోతివి" అన్నాడు. అదీ పెట్టాను.

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని లక్ష్మవ్వ దగ్గర ఒట్టు వేయించుకున్నాను. పొద్దుగూకేలోపే ఊరంతా తెలిసింది. అప్పటి నుంచి మా ఊళ్లో కొత్త మర్యాద ఒకటి పుట్టింది. మియా వస్తున్నాడంటే ఇంటివాళ్లు, "కూసో మియా, జర పాలు పొంగుతున్నయి" అనో, "పెరట్ల పనున్నది" అనో చెప్పి అందరూ లోపలికి వెళ్లిపోతారు. పొయ్యి మీద ఏమీ లేకపోయినా సరే. ఆయన పని ఆయన తీరుబడిగా చేసుకున్నాక, ఒకసారి దగ్గి బయటికొస్తారు. ఊరికి తెలిసిందని మియాకు మాత్రం తెలియదు.

మూడో వారం చివర డబ్బాలో కిచకిచ మొదలైంది. గల్లీకి గల్లీ అంతా నా ముందు గదిలోనే ఉంది. హైదరాబాద్ నుంచి ఆకాష్ ఫోన్‌లో, "పెద్దమ్మా, మూత తీయొద్దు, తొందరపడొద్దు" అని నాకు నీతులు చెప్తున్నాడు. ఒక గుడ్డు పగిలింది, తర్వాత ఇంకోటి. కొన్ని పగల్లేదు, అవి పోయాయి. అయినా సాయంత్రానికి డబ్బా అడుగున నల్లటి పిల్లలు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ గోల చేస్తున్నాయి. లక్ష్మవ్వ నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. ఒళ్లు ఆరిన మొదటి పిల్లను తీసి, ఎవరికీ ఇవ్వకుండా, నేరుగా మియా చేతిలో పెట్టింది.

మియా అలవాటు కొద్దీ చెయ్యి తిరగేసి పిల్ల వీపు మీద ఆనించాడు. ఆయన మొహంలో రంగు మారింది.

"అవ్వా! మస్తు బుఖారున్నది దీనికి!"

"కోడిపిల్ల ఒళ్లు గట్లనే ఉంటది మియా" అంది లక్ష్మవ్వ.

"గట్లనే ఉంటదా?" ఆయన నమ్మలేదు. డబ్బాలోకి వంగి ఒక్కొక్కదాన్నీ ముట్టి చూశాడు. "అన్నిటికి ఉన్నది!"

"అన్నిటికి ఉండాలె. సల్లబడితెనె భయం."

మియా తన చెయ్యి వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసుకున్నాడు. ఇన్నేళ్లలో వేడి తగిలితే ఆయన సంతోషపడటం నేను అప్పుడే చూశాను. గోడ వైపు తిరిగి కూడా చూడలేదు. పిల్లను రెండు చేతుల్లో పొదివి పట్టుకుని, గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు.

"ఇగ ఇయ్యి మియా, డబ్బాల పెడుత" అని లక్ష్మవ్వ చెయ్యి చాపింది.

"ఉండు అవ్వా, జరసేపు" అన్నాడు.